కావాలని చంపకపోతే నేరం కాదా? వలస పక్షుల మరణాలపై చట్టం చెప్పేది

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా తిరిగి చెబుతాను, ఎందుకంటే సమాధానమంతా అందులోని ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. హైదరాబాద్‌కు పడమటి వైపు, ఒక చెరువును ఆనుకుని ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో మీరు ఉంటున్నారు. అక్టోబరు నుంచి క్లబ్ హౌస్ అద్దాల గోడ కింద తెల్లవారుజామున చనిపోయిన పక్షులు కనిపిస్తున్నాయి. చెరువు కట్ట వెంబడి వెళ్లే 33 కేవీ తీగల కింద ఒక పెద్ద బాతు కూడా దొరికింది. అసోసియేషన్ సమావేశంలో ఈ విషయం ఎత్తితే, "మేమేమీ కావాలని చంపలేదు కదా, వన్యప్రాణి చట్టం వేటగాళ్ల కోసం" అని బిల్డర్ తరఫు మేనేజరు అన్నారు. అమెరికాలో చాలాకాలం ఉండి వచ్చిన మీ పొరుగాయన మాత్రం, అక్కడైతే 1918 నాటి చట్టం కింద ఈపాటికి కేసు పెట్టేవారని, మన దేశంలో అలాంటిదేమీ లేదని అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట సరైనదని మీరు అడిగారు.

ఇద్దరి మాటలోనూ సగమే నిజం. 20 ఏళ్లకు పైగా ఇక్కడి కోర్టుల్లో అటవీ, వన్యప్రాణి వ్యవహారాలు చూస్తున్న న్యాయవాదిగా నేను గమనించినదేమిటంటే, ఇలాంటి సందర్భాల్లో అందరూ "కావాలని చేశారా, లేదా" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. కానీ అమెరికాలోనైనా, కెనడాలోనైనా, మన దగ్గరైనా చివరికి వ్యవహారాన్ని తేల్చే ప్రశ్న చాలాసార్లు వేరుగా ఉంటుంది. ఇలా జరుగుతుందని వారికి ముందే తెలుసా, తెలిసిన తర్వాత ఏం చేశారు అన్నదే ఆ ప్రశ్న. మీ చేతిలో ఉన్న బలం కూడా అక్కడే ఉంది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ పొరుగాయన మాట చూద్దాం. ఆయన చెప్పిన చట్టం పేరు మైగ్రేటరీ బర్డ్ ట్రీటీ యాక్ట్. కెనడా తరఫున బ్రిటన్‌తో 1916లో కుదిరిన ఒడంబడికను అమలు చేయడానికి అమెరికా దీన్ని 1918లో చేసింది. తర్వాత మెక్సికోతో 1936లో, జపాన్‌తో 1972లో, సోవియట్ యూనియన్‌తో 1976లో కుదిరిన ఒప్పందాలు దానికి తోడయ్యాయి. ఆనాటి అసలు సమస్య తుపాకీ. మాంసం కోసం, ఆడవారి టోపీల మీద పెట్టే ఈకల కోసం పక్షులను విచ్చలవిడిగా కాల్చేవారు. అయితే చట్టంలోని కీలకమైన వాక్యాన్ని తుపాకీకి పరిమితం చేసి రాయలేదు. అనుమతి లేకుండా వలస పక్షిని ఏ సమయంలోనైనా, ఏ సాధనంతోనైనా, ఏ విధంగానైనా వేటాడటం, పట్టుకోవడం, చంపడం నేరమని రాశారు. ఈనాడు ఆ రక్షణ వెయ్యికి పైగా జాతులకు వర్తిస్తుంది. అమ్మకం కోసం తెలిసి చంపితే అది పెద్ద నేరం. మిగిలినవన్నీ చిన్న నేరాలు. వాటికి 15,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. 1986లో చట్టాన్ని సవరించినప్పుడు "తెలిసి" అన్న మాటను పెద్ద నేరానికి మాత్రమే చేర్చి, చిన్న నేరాన్ని యథాతథంగా వదిలేశారు. చట్టసభ పాటించిన ఆ మౌనానికి అర్థమేమిటన్న దాని మీదే అక్కడి కోర్టులు ఇప్పటికీ వాదించుకుంటున్నాయి.

1970ల నుంచి ప్రభుత్వం ఆ వాక్యాన్ని పరిశ్రమలకు వర్తింపజేయడం మొదలుపెట్టింది. చమురు బావుల పక్కన మూత లేకుండా వదిలేసిన గుంటలను ఆకాశం నుంచి చూసిన పక్షులు నీటి మడుగులనుకుని దిగి, నూనెలో చిక్కుకుని చచ్చేవి. పురుగుమందు తయారుచేసే ఒక కర్మాగారం తన వ్యర్థ జలాల చెరువులో పక్షులు చనిపోయినందుకు దోషి అని 1978లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆ యాజమాన్యానికి పక్షుల మీద ఏ కక్షా లేదు. 1999లో కొలరాడోలో ఒక విద్యుత్ సహకార సంస్థ మీద వచ్చిన కేసు మీ తీగల విషయానికి చాలా దగ్గరగా ఉంటుంది. స్తంభాల మీద వాలిన గద్దలు షాక్ తగిలి చనిపోతున్నా, తక్కువ ఖర్చుతో అయ్యే రక్షణ పరికరాలు అమర్చలేదన్నది అభియోగం. వేటాడే ఉద్దేశం లేకపోయినా ఈ చట్టం వర్తిస్తుందని ఆ కోర్టు అంది. 1989 నాటి ఎక్సాన్ వాల్డీజ్ చమురు నౌక ప్రమాదంలోనూ, 2010 నాటి గల్ఫ్ చమురు ప్రమాదంలోనూ ఇదే చట్టం కింద నేరాంగీకారాలు జరిగాయి. రెండో దానిలో బీపీ సంస్థ ఈ ఒక్క పద్దు కింద 10 కోట్ల డాలర్లు కట్టింది.

వీటన్నిటికంటే మీరు గుర్తుపెట్టుకోవలసినది కాన్సస్ రాష్ట్రంలో చిన్న చమురు వ్యాపారుల మీద వచ్చిన కేసు. ముడి చమురు నుంచి నీటిని వేరుచేసే హీటర్ ట్రీటర్ అనే పరికరం బావుల దగ్గర ఉంటుంది. దాని పొగగొట్టంలోకి గూటి కోసం దూరిన పక్షులు వెనక్కి రాలేక లోపలే చనిపోయేవి. అధికారులు ఈ సంగతి కనిపెట్టిన వెంటనే కేసులు పెట్టలేదు. ముందు ఆ ప్రాంతపు చమురు సంస్థలకు ఉత్తరాలు రాశారు, గొట్టాలకు మూతలు బిగించమని చెప్పారు, దిద్దుకోవడానికి గడువు ఇచ్చారు. ఆ తర్వాతనే తనిఖీలు చేసి కేసులు పెట్టారు. 2010లో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు (అక్కడ ప్రాంతాలవారీగా ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో ఒకటి) ఇచ్చిన తీర్పులో, ఉత్తరం అందిన తర్వాత కూడా కొన్ని గొట్టాలను మూయకుండా వదిలేసిన సంస్థ శిక్ష నిలిచింది. మరో నిర్వాహకుడికి మొదటిసారి పక్షులు దొరికిన నాటికి సమస్య గురించి ఏమీ తెలియదు కనుక ఆ శిక్షను కొట్టేశారు. మరుసటి ఏడాది అదే మనిషి పరికరంలో మళ్లీ పక్షి దొరికినప్పుడు మాత్రం శిక్షను ఖాయం చేశారు. మనిషి అతడే, పరికరం అదే. మారిందల్లా ఆయనకు తెలిసిన సంగతి ఒక్కటే.

గాలిమరల విషయంలోనూ ఇదే జరిగింది. వ్యోమింగ్‌లో 14 గోల్డెన్ ఈగిల్ జాతి గద్దలు, 149 ఇతర పక్షులు చనిపోయిన వ్యవహారంలో ఒక పవన విద్యుత్ సంస్థ 2013లో నేరం అంగీకరించి, 10 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. ముప్పు ఉందని తెలిసీ ఆ చోట మరలు నిలబెట్టడమే దాని మీద ప్రధాన ఆరోపణ.

ఇంతవరకు వింటే మీ పొరుగాయన గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ 2015లో ఐదో సర్క్యూట్ కోర్టు దీనికి పూర్తిగా ఎదురు తీర్పు చెప్పింది. టెక్సస్‌లో ఒక చమురు శుద్ధి కర్మాగారంలో మూతలేని ట్యాంకుల్లో పక్షులు చనిపోయిన కేసు అది. చట్టం నిషేధించింది బుద్ధిపూర్వకంగా చేసే పనులనే అని, అలా కాదంటే కిటికీ ఉన్నవాడు, కారు నడిపేవాడు, పిల్లిని పెంచేవాడు కూడా నేరస్థులే అవుతారని ఆ కోర్టు అభిప్రాయపడింది. వాదనగా అది తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. అమెరికాలో భవనాల అద్దాలకు తగిలి చనిపోయే పక్షులు ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల మధ్య ఉంటాయని 2014లో వచ్చిన ఒక అంచనా. అంతమందిని బోనెక్కించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

తర్వాతి కథ ప్రభుత్వాల మార్పుతో పాటు నడిచింది. 2017 జనవరిలో దిగిపోతున్న ప్రభుత్వపు న్యాయ సలహాదారు, ఉద్దేశం లేని మరణాలకూ చట్టం వర్తిస్తుందని లిఖితపూర్వక అభిప్రాయం ఇచ్చారు. అదే ఏడాది డిసెంబరులో కొత్త ప్రభుత్వపు న్యాయ సలహాదారు వర్తించదని ఇచ్చారు. 2020 ఆగస్టులో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు ఈ రెండో అభిప్రాయాన్ని కొట్టేసింది. అయినా దాన్నే 2021 జనవరిలో నియమావళిగా మార్చారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం అదే ఏడాది అక్టోబరులో ఆ నియమాన్ని రద్దు చేసింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ 2017 డిసెంబరు నాటి అభిప్రాయాన్నే పునరుద్ధరించారు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మాత్రం ఎనిమిదేళ్లలో ఇన్నిసార్లు తిరగబడింది. కనుక "అక్కడైతే ఈపాటికి కేసు పెట్టేవారు" అనడం సరికాదు. అక్కడి ప్రాసిక్యూషన్లు ప్రధానంగా చమురు, తీగలు, మరలు, రసాయనాల మీద నడిచాయి గానీ క్లబ్ హౌస్ అద్దాల మీద కాదు. అద్దాల విషయంలో అక్కడ మార్పు తెచ్చినది ఆ చట్టం కాదు, నగరాల నిర్మాణ నిబంధనలు. న్యూయార్క్ నగరంలో 2021 జనవరి నుంచి కొత్త భవనాలకు కింది 75 అడుగుల ఎత్తు వరకు పక్షులకు కనిపించే అద్దాన్నే వాడాలి.

అద్దాల గురించి నేరుగా వచ్చిన తీర్పు కావాలంటే కెనడా వైపు చూడాలి. టొరంటోలో ఒక కార్యాలయ సముదాయం అద్దాలకు తగిలి పక్షులు చనిపోతున్నాయని స్వచ్ఛంద సంస్థ ఒకటి వేసిన ప్రైవేటు కేసులో 2013లో తీర్పు వచ్చింది. అద్దం నుంచి ప్రతిఫలించే వెలుతురు పక్షులకు హాని చేస్తే అది కూడా అక్కడి పర్యావరణ చట్టం ప్రకారం కాలుష్య కారకమేనని న్యాయమూర్తి అన్నారు. అయినా యజమానులను విడిచిపెట్టారు. కారణం, సమస్య తెలిసిన తర్వాత వారు తగిన జాగ్రత్తలు తీసుకునే పనిలో ఉన్నారని, అద్దాలకు ఫిల్మ్ అంటించారని రుజువైంది. నా ఉద్దేశంలో ఆ సంస్థ కేసు ఓడిపోయి, అడిగినది సాధించింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మేనేజరు గారు అలా అన్నారు గానీ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తుపాకీ పట్టిన వేటగాడి కోసం మాత్రమే రాసినది కాదు. సెక్షన్ 2(16)లో "వేట" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, గాయపరచడంతో పాటు పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా ఉన్నాయి. నిర్వచనంలో "ఉద్దేశపూర్వకంగా" అన్న మాట ఎక్కడా లేదు. ఇంకా ఆసక్తికరమైనది సెక్షన్ 39. చనిపోయి దొరికిన వన్యప్రాణి గానీ, పొరపాటున ప్రాణం పోయిన వన్యప్రాణి గానీ ప్రభుత్వ ఆస్తి అవుతుందని ఆ సెక్షన్ చెబుతుంది. అంటే పొరపాటున కలిగే చావు కూడా ఈ చట్టం దృష్టిలో ఉన్నదే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మొదటి షెడ్యూలులోని (అత్యధిక రక్షణ ఉన్న జాతుల జాబితాలోని) ప్రాణి విషయంలో మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా.

ఇంత కఠినమైన శిక్షలున్నప్పుడు కోర్టులు సహజంగానే వెనకాడతాయి. చట్టం స్పష్టంగా గానీ, అనివార్యమైన అంతరార్థం వల్ల గానీ మినహాయిస్తే తప్ప, నేరానికి దోషపూరిత మనస్సు (తప్పు చేస్తున్నానన్న ఎరుక) అవసరమని నాథూలాల్ కేసులో సుప్రీంకోర్టు 1965లో చెప్పింది. దానికి ముందటి ఏడాది బంగారం అక్రమ రవాణాకు సంబంధించిన మేయర్ హాన్స్ జార్జ్ కేసులో, చట్టం ప్రయోజనం దెబ్బతినేటట్లయితే ఆ అవసరం లేదని అదే కోర్టు చెప్పింది. రెండు వైపులా వాదించవచ్చు. అయినా దాపరికం లేకుండా చెప్పాలంటే, అద్దానికి తగిలి పిట్ట చనిపోయిందని బిల్డర్ మీద "వేట" కేసు పెట్టమని నేను మీకు సలహా ఇవ్వను. అది నిలవడం కష్టం, నిలిచే లోపు నాలుగైదు వలస కాలాలు గడిచిపోతాయి.

మన దేశంలో ప్రమాదవశాత్తు జరిగే హాని మీద ఫలితం తెచ్చిన మార్గాలు శిక్షాస్మృతి బయటే ఉన్నాయి. రాబందుల సంగతి తీసుకోండి. అవి వలస పక్షుల కోవలోకి రావు గానీ పాఠం మాత్రం అదే. పశువులకు నొప్పి తగ్గించడానికి వేసిన డైక్లోఫినాక్ మందు, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి వాటిని దాదాపు తుడిచిపెట్టింది. ఏ పశువైద్యుడూ రాబందును చంపాలనుకోలేదు, ఎవరినీ జైలుకు పంపలేదు. 2006లో పశువైద్యంలో ఆ మందు వాడకాన్నే నిషేధించారు. సంక్రాంతికి మన మేడల మీద తెగిపడే చైనా మాంజా కూడా అంతే. నైలాన్, సింథటిక్ దారాలతో చేసిన మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నిషేధించింది. పతంగి ఎగరేసే కుర్రాడి ఉద్దేశమేమిటని అక్కడ ఎవరూ అడగరు. దారం అమ్మడమే, వాడడమే తప్పు. (అమలు సంగతి అంటారా, జనవరి నెలలో మన గల్లీల్లో తిరిగితే తెలుస్తుంది.)

మీ తీగల ప్రశ్నకు దగ్గరి ఉదాహరణ బట్టమేక పక్షి. ఒకప్పుడు కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు గడ్డిభూముల్లో దీని కోసమే 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఇప్పుడు దేశంలో మిగిలినవి చాలావరకు రాజస్థాన్ ఎడారిలోనే ఉన్నాయి. బరువైన పక్షి, ఎదురుగా ఉన్నదాన్ని సరిగా చూడలేదు, సన్నని తీగను దగ్గరికి వచ్చేవరకు గుర్తించదు, గుర్తించాక పక్కకు తప్పుకోలేదు. జైసల్మేర్ ప్రాంతంలో దాని ఆవాసమైన సుమారు 4,200 చదరపు కిలోమీటర్ల మేర అన్ని జాతులూ కలిపి ఏటా దాదాపు 84,000 పక్షులు తీగల వల్ల చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతాల్లో తీగలను భూమిలోకి మార్చాలని, మార్చే లోపు పక్షులకు కనిపించే డైవర్టర్లు తగిలించాలని ఆదేశించింది. సౌర విద్యుత్తుకు ఇబ్బంది అవుతోందని ప్రభుత్వం చెప్పడంతో 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి, ఎక్కడ ఏది సాధ్యమో తేల్చమని నిపుణుల సంఘానికి అప్పగించింది. సడలింపు మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఆ వ్యాజ్యంలో నడిచినదంతా ముప్పు ఎక్కడుంది, దాన్ని ఎవరు, ఏ పరికరంతో తగ్గించాలన్న చర్చే. విద్యుత్ సంస్థలను వేటగాళ్లుగా నిలబెట్టవలసిన అవసరమే రాలేదు.

మీకు పనికివచ్చే మరో సంగతి ఉంది, మా వృత్తిలో ఉన్నవారు కూడా తరచు పొరబడే చోటు అది. వన్యప్రాణి చట్టం హరిత ట్రిబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో లేదు. కనుక "పక్షులు చనిపోతున్నాయి, వన్యప్రాణి చట్టం ఉల్లంఘన" అని మాత్రమే రాసి చెన్నైలోని దక్షిణ ధర్మాసనానికి వెళితే మొదటి వాయిదాలోనే వెనక్కి పంపవచ్చు. పర్యావరణ పరిరక్షణ చట్టం మాత్రం ఆ జాబితాలో ఉంది. మీ సముదాయం నిర్మిత వైశాల్యం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే, 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం దానికి పర్యావరణ అనుమతి ఉండి తీరాలి. అనుమతి పత్రంలో చెరువు, ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు నీటి హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలవలసిన మేర), రాత్రి దీపాలు, పచ్చదనం గురించి ఏ షరతులు పెట్టారో చదవండి. పర్యావరణ అనుమతుల ప్రభుత్వ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో వెతికితే దొరికే అవకాశం ఉంది, దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆరు నెలలకొకసారి సమర్పించవలసిన అమలు నివేదికలను కూడా అడగండి. షరతు ఉల్లంఘన కనిపిస్తే అది ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి సరైన దారి. ప్రమాదం జరిగిన సందర్భంలో తప్పు ఎవరిదన్న రుజువు లేకుండానే పరిహారం విధించవచ్చని ట్రిబ్యునల్ చట్టంలోని సెక్షన్ 17 చెబుతుంది. జంతుజాలానికి కలిగిన నష్టం కూడా పరిహారపు పద్దుల్లో ఉంది. అయితే "ప్రమాదం" నిర్వచనం ప్రమాదకర పదార్థం, పరికరం, ప్లాంటు, వాహనం చుట్టూ అల్లినది. విద్యుత్ తీగను అందులోకి తేవచ్చు. క్లబ్ హౌస్ అద్దాన్ని తేవడం మాత్రం నా లెక్కలో చాలా కష్టం.

ఇక చేయవలసిన పని. కాన్సస్ ఉత్తరాలను గుర్తుచేసుకోండి. ఈ రోజున మీ బిల్డరూ, విద్యుత్ పంపిణీ సంస్థ స్థానిక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారూ "మాకు తెలియదు" అనగల స్థితిలో ఉన్నారు. ఆ అవకాశం వారికి లేకుండా చేయడమే మీ మొదటి అడుగు. బిల్డర్‌కు, అసోసియేషన్ కార్యదర్శికి, ఏఈకి, అటవీ రేంజ్ అధికారికి విడివిడిగా ఉత్తరాలు రాయండి. ఏ తేదీన, ఏ గంటకు, అద్దం ఏ ముఖం కింద లేదా ఏ నంబరు స్తంభం కింద, ఏ పక్షి దొరికిందో పట్టికగా ఇవ్వండి, ఫొటోలు జతచేయండి, ఏ చర్య కోరుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి. ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి లేదా అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం దీనికి సాటిరాదు. కోపం, శాపనార్థాలు ఉత్తరంలో వద్దు. రేపు న్యాయమూర్తి చదివేది ఆ కాగితాన్నే. ఇంత చేసినా కదలిక లేకపోతే, నేరం జరిగిందని భావిస్తున్నట్టు, ఫిర్యాదు చేయబోతున్నట్టు ప్రభుత్వానికి 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు పౌరుడు కూడా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చని వన్యప్రాణి చట్టం సెక్షన్ 55 చెబుతుంది. కేసు నిలుస్తుందా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు పంపిన ఉత్తరాల తర్వాత వెళ్లే ఆ నోటీసుకు ఉండే బరువు వేరు.

తేదీల పట్టిక ఎందుకంత ముఖ్యమో నాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ల కిందట ఒక పెద్ద కార్యాలయ ప్రాంగణంలో అద్దాలకు తగిలి పక్షులు చనిపోతున్నాయని అక్కడి ఉద్యోగులు నా దగ్గరికి వచ్చారు. చూసినవారు పదిమంది ఉన్నారు గానీ కాగితం మీద ఒక్క ముక్క లేదు. హౌస్ కీపింగ్ వారు ఏడు గంటలకల్లా ఊడ్చేసేవారు. యాజమాన్యం "మా రికార్డులో అలాంటి ఘటనే లేదు" అంది, ఆ మాట అక్షరాలా నిజం కూడా. మేం చేయగలిగింది ఏమీ లేకపోయింది. మరుసటి శీతాకాలం ఆ ఉద్యోగులే వంతులు వేసుకుని, ఊడ్చే మనిషితో మాట్లాడుకుని, ఆరు వారాల లెక్క రాసి ఉత్తరం ఇచ్చారు. అందులో రెండు పొన్నంగి పిట్టల ఫొటోలున్నాయి. రాత్రిపూట వలస ప్రయాణం చేసే ఆ రంగుల పిట్ట ఇలా నగరాల్లో దారి తప్పి గోడలకు తగలడం కొత్తేమీ కాదు. నెలన్నరలో ఆ ముఖానికి చుక్కల ఫిల్మ్ వచ్చింది. కోర్టు గుమ్మం ఎక్కనే లేదు.

పరిష్కారాల గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే ఉత్తరంలో ఏదో ఒకటి చేయమని కాకుండా ఫలానాది చేయమని అడగాలి. అద్దానికి ఒకటి రెండు గద్ద బొమ్మలు అంటిస్తే ఉపయోగం లేదు. పక్షి ఆ బొమ్మను తప్పించుకుని పక్కనున్న ఖాళీ అద్దానికి తగులుతుంది. బయటి వైపున, అద్దమంతటా, సుమారు 5 సెంటీమీటర్ల ఎడంతో చుక్కలో గీతలో ఉండాలి. షికాగోలో సరస్సు ఒడ్డున ఉన్న మెకార్మిక్ ప్లేస్ అనే సమావేశ భవనం దగ్గర 2023 అక్టోబరులో ఒక్క రాత్రిలో దాదాపు వెయ్యి పక్షులు చనిపోయాయి. మరుసటి ఏడాది అద్దాలకు చుక్కల ఫిల్మ్ వేశాక మరణాలు బాగా తగ్గిపోయాయి. మీ క్లబ్ హౌస్ అద్దం దానితో పోలిస్తే ఎంత! వలస కాలంలో రాత్రి పదకొండు తర్వాత అలంకరణ దీపాలు ఆర్పేయడానికైతే ఖర్చు కూడా లేదు.

తీగల విషయంలో పక్షి ఢీకొని చనిపోయిందా, షాక్ తగిలి చనిపోయిందా అన్నది ముందు తేలాలి. రెక్క విరిగి స్తంభాల నడుమ పడితే అది సాధారణంగా ఢీకొన్నదే, అక్కడ తీగకు డైవర్టర్లు కావాలి. ఈకలు, కాళ్లు కాలిన గుర్తులతో స్తంభం మొదట్లో పడితే షాక్ అని అనుమానించాలి. స్తంభం పైన అడ్డంగా ఉండే ఇనుప క్రాస్ ఆర్మ్ మీద వాలిన పెద్ద పక్షి రెక్క తీగకు తగిలితే చాలు. అక్కడ కావలసింది స్తంభం దగ్గర తీగకు ఇన్సులేటింగ్ తొడుగు. ఏఈ గారికి ఈ తేడా చెప్పి అడిగితే పని తొందరగా అవుతుంది. అలా అడిగినప్పుడు లైన్‌మన్‌లు తామే ముందుకొచ్చి ఏ స్తంభం దగ్గర తరచు ట్రిప్ అవుతుందో చెప్పడం నేను చూశాను. పక్షి తగిలితే వారికి కూడా ఫీడర్ (ఆ ప్రాంతానికి కరెంటు తెచ్చే లైను) పోతుంది.

చనిపోయిన పక్షిని మాత్రం పూడ్చిపెట్టకండి, ఈకలు దాచుకోకండి. పైన చెప్పినట్టు అది ప్రభుత్వ ఆస్తి. మీ స్వాధీనంలోకి వచ్చిన 48 గంటల్లోగా సమీప పోలీస్ స్టేషన్‌కు గానీ అధీకృత అటవీ అధికారికి గానీ తెలపాలి. తెలపకుండా దగ్గర ఉంచుకుంటే మీరే ఇబ్బందిలో పడతారు. బర్డ్ ఫ్లూ భయం ఉంది కనుక చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించమని రేంజ్ అధికారిని లిఖితపూర్వకంగా కోరండి. ఢీకొన్నదా, షాకా, విషమా అన్నది తేల్చేది ఆ నివేదికే.

మీరు చెప్పిన పెద్ద బాతు తల వెనక రెండు నల్లని చారలు ఉంటే అది బార్ హెడెడ్ గూస్ అయి ఉండవచ్చు. మంగోలియా, టిబెట్ పీఠభూముల్లో పిల్లల్ని పెంచి, హిమాలయాలు దాటి మన చెరువులకు వచ్చే పక్షి అది. ఫొటోలో కాళ్ల భాగాన్ని పెద్దది చేసి చూడండి. లోహపు రింగు గానీ, మెడకు రంగు పట్టీ గానీ ఉంటే తీయకుండా దాని మీది అక్షరాలు, అంకెలు రాసుకుని రేంజ్ అధికారికి, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ఎక్కడ, ఏ తేదీన ఆ రింగు తొడిగారో తెలిస్తే ఆ సమాచారాన్ని కూడా మీ ఉత్తరంలో మొదటి పేరాలోనే రాయండి.